జంప్ తగ్గిన ఏడాది

మా మాస్టారు వాలీబాల్ ఆటగాళ్ల జంప్ కొలవడానికి టేపు వాడేవారు కాదు. కోర్టు గీతలకు వేసే సున్నాన్ని ఒక రేకు డబ్బాలో కలిపి, స్కూలు సామాన్ల గది గోడ పక్కన పెట్టేవారు. శనివారం సాయంత్రం ఆట మొదలు కాకముందు ఒక్కొక్కరం వచ్చి ఆ సున్నంలో వేళ్లు ముంచి, ఉన్నచోటునుంచే ఎగిరి, అందినంత ఎత్తులో గోడను తాకాలి. ఆయన బల్ల ఎక్కి ఆ గుర్తు పక్కన బొగ్గుతో తారీఖు వేసేవారు. ఎవరి వరస వాళ్లది. పైన చూరు ఉండటంతో వాన తగిలేది కాదు. నెలల తరబడి గుర్తులు అలాగే ఉండేవి.

నా వరస మొదట్లో అందరికంటే పైన ఉండేది. డెబ్బైల నడుమ ఒక ఏడాదిలో, ఎనిమిది నెలల్లో, అది బెత్తెడు పైగా కిందికి దిగింది. ఎందుకు దిగిందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మాది పామర్రు దగ్గర పల్లె. మా తాతగారి రోజుల్లో ఆ ఊళ్లో సగం మాగాణి మాది. పెద్దల పట్టుదలల్లో, కోర్టు వ్యవహారాల్లో అదంతా పోయింది. ఎలా పోయిందన్నది ఇక్కడ అవసరం లేదు. పోయాక ఆ ఊళ్లో తిరగడం నాన్నగారికి ఇష్టం లేకపోయింది. బెజవాడ వచ్చి, ఏలూరు కాలువ అవతల ఒక డాబా ఇంట్లో ముందు వాటా అద్దెకు తీసుకున్నాం. రెండు గదులు, ఒక వసారా. నేనూ నాన్నగారూ అమ్మా.

ఊరు మారినా ఇంటి పద్ధతి మారలేదు. పొద్దున అయిదున్నరకల్లా వీధి తలుపు బార్లా తెరవాలి. అప్పటికే ఇంటి మగవాళ్లు స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వసారాలో కుర్చీల్లో ఉండాలి. ఊళ్లో ఉండగా దీనికి అర్థం ఉండేది. నీళ్ల తగాదాలూ గట్ల తగాదాలూ పట్టుకుని జనం తెల్లవారకముందే వచ్చేవారు. పెద్దమనిషి లేచాడా అని ఎవరూ వాకిట్లో నిలబడి అడగాల్సిన పని ఉండకూడదన్నది మా తాతగారి నియమం. బెజవాడలో మా వసారాకు మొదటి ఏడాది పాత రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. తరవాత ఎవరూ రాలేదు. కుర్చీలు మాత్రం రోజూ పడేవి. ఒకదాంట్లో నాన్నగారు, ఇంకోదాంట్లో నేను. కుర్చీ వీపుకు ఆనుకుంటే ఆయనకు గిట్టేది కాదు. మధ్యాహ్నం భోజనం వేళ దాకా అలా కూర్చునేవాళ్లం. పగలు పడుకోవడమన్నది మా ఇంట్లో జబ్బు చేసినవాళ్లకే.

దీన్ని చాదస్తమని చాలామంది అంటారు. నేను అనను. అన్నీ పోయిన ఇంట్లో ఏదో ఒకటి నిలబడాలి. మా ఇంట్లో నిలబడింది అది.

ఆ జూలైలో నేను ఒక పత్రిక ప్రెస్సులో పనికి చేరాను. ఉద్యోగం అనడానికి లేదు. పార్సిలు సెక్షన్. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా, అచ్చయి వచ్చిన పేపర్లను ఊరి లెక్కన దొంతులు పెట్టి, పురికొసతో కట్టలు కట్టి, మైదా జిగురుతో ఊరి పేరు అంటించి వ్యానులకు ఎక్కించాలి. మచిలీపట్నం రోడ్డు వ్యానులో కంకిపాడు, పామర్రు. ఏలూరు రోడ్డు వ్యానులో హనుమాన్ జంక్షన్. పామర్రు కట్ట నా వంతుకు వచ్చిన రోజున ముడి మరీ బిగించి వేసేవాణ్ణి. ఎందుకో చెప్పలేను.

అమ్మకు చెప్పాను. జీతం అమ్మ చేతికిచ్చేవాణ్ణి. నాన్నగారికి చెప్పలేదు. ఆయనకు తెలియదని అనుకోవడానికి వీల్లేదు. రెండు గదుల ఇంట్లో కొడుకు రాత్రి ఉండడన్న సంగతి ఎవరికి తెలియదు? ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగున్నరకు ఇంటికి వచ్చి, నూతి దగ్గర చేతుల మీది సిరా చింతపండుతో రుద్ది కడుక్కుని, స్నానం చేసి, అయిదున్నరకు కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆరింటికి పేపరు వచ్చేది. నాన్నగారు చదివి నాకిచ్చేవారు. నేను దాన్ని నిటారుగా ముందు పెట్టుకుని, వీపు ఆనకుండా, కళ్లు తెరిచే నిద్రపోవడం నేర్చుకున్నాను. దాన్ని నిద్ర అనవచ్చో లేదో తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన రేడియో దగ్గర కూర్చుంటే, వెనక గదిలో బియ్యం డబ్బాల పక్కన చాప వేసుకుని రెండు గంటలు పడుకునేవాణ్ణి. నాలుగింటికి లేచి గ్రౌండుకు వెళ్లేవాణ్ణి. అయిదు నుంచి ఏడు దాకా ఆట. ఎనిమిదికి ప్రెస్సు.

వాలీబాల్ నాకు కాలక్షేపం కాదు. కోస్తా జిల్లాల నుంచి ఒక ప్రభుత్వ సంస్థ తన జట్టుకోసం ఇద్దరు ఆటగాళ్లను ఎంచుకోబోతోందని ఆ వేసవిలోనే తెలిసింది. జట్టులోకి తీసుకుంటే ఉద్యోగమూ ఇస్తారు. పగటిపూట, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నాన్నగారు వసారాలో కూర్చుని నలుగురికీ చెప్పుకోగలిగిన ఉద్యోగం. సెలక్షను జనవరిలో. అది వస్తే పురికొసకూ నాకూ సంబంధం తెగిపోతుంది. అందాకా ఎలాగోలా లాగాలనుకున్నాను.

మాస్టారు ఆ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. క్రైస్తవులు. ఆయన తండ్రి మా పొలాల్లో నాగలి పట్టినవాడు. ఆయన మిషను హాస్టల్లో చదివి, మద్రాసు వెళ్లి వ్యాయామ విద్య నేర్చుకుని వచ్చారు. నేను మొదటిసారి గ్రౌండులో అడుగుపెట్టిన రోజున నన్ను ఒక్క క్షణం చూసి, "పెద్దబాబుగారి మనవడు కదండీ మీరు" అన్నారు. ఆ తరవాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. కానీ మిగతా అందరినీ ఒరే అని పిలిచే మనిషి నన్ను మాత్రం మీరు అనేవారు. జట్టులో దీనిమీద నవ్వులాట ఉండేది. మా బూస్టర్, అంటే నాకు బంతి లేపి ఇచ్చేవాడు, బందరు కాలువ గట్టు మీద పాల డిపో నడిపే ఇంటివాడు, దీన్ని వదిలేవాడు కాదు.

"మాస్టారికి మనం గాడిదలంరా. ఈయనగారు మాత్రం మీరు. ఒరే, ఒక్కసారి నువ్వు కూడా సర్వీసు నెట్టులో కొట్టరా, ఏమంటారో విందాం."

"అండీ, నెట్టులో కొట్టారండీ అంటారు," అన్నాడు ఇంకొకడు.

నేనూ నవ్వేవాణ్ణి. ఆ మీరు అన్నది నాకు బాగుండేది. దాచడం ఎందుకు.

పనికి చేరిన మొదటి నెల ఏమీ కాలేదు. ఇరవై రెండేళ్ల ఒళ్లు. రెండు గంటల నిద్ర చాలుననుకున్నాను. గోడ మీద గుర్తు ఉన్నచోటే ఉంది. ఆగస్టు చివర్లో నాకు మొదట తెలిసిన తేడా, బంతి నా చేతికంటే ముందు వస్తోంది. అవతలివాడు కొట్టడం కనిపిస్తుంది, ఎటు వస్తుందో తెలుస్తుంది, కానీ చెయ్యి అక్కడికి చేరేసరికి బంతి నేలమీద ఉంటుంది. ఎవరో నాకు బదులు ఆడుతున్నట్టు, నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నట్టు ఉండేది. కోపం కూడా వచ్చేది కాదు.

తరవాత ఒళ్లు. ఇంతకుముందు సోమవారం గట్టిగా ఆడితే మంగళవారానికి తొడల నొప్పి పోయేది. ఇప్పుడు సోమవారం నొప్పి గురువారం దాకా ఉండేది, దాని మీద గురువారం నొప్పి వచ్చి చేరేది. మోచేతి మీద గీరుకుపోయిన పుండు దసరాకు తగిలింది దీపావళికి కూడా పచ్చిగానే ఉంది. నోట్లో పుళ్లు. అన్నం ముందు కూర్చుంటే సహించేది కాదు. ఆట మధ్యలో ఒక్కోసారి నెట్టు రెండుగా కనిపించేది. ఏ నెట్టు మీదినుంచి కొట్టాలో తేల్చుకునేలోపు బూస్టర్ అరిచేవాడు.

"ఏరా, నెట్టు కాస్త కిందికి దించమని మాస్టారితో చెప్పమంటావా? మీరంటారు కాబట్టి దించుతారులే."

మాస్టారు మద్రాసులో నేర్చుకొచ్చిన పద్ధతి ఒకటుండేది. గ్రౌండుకు రాగానే అందరినీ వరసలో కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని నాడి చూసి, ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. కూర్చున్న మనిషి నాడి అంత వేగంగా కొట్టుకోకూడదని నా దగ్గర ఆగి రెండుసార్లు చూసేవారు. నవంబరులో ఒకరోజు నా చెయ్యి వదలకుండా అడిగారు.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నారండీ?"

"పదింటికి మాస్టారూ."

"లేచింది?"

"అయిదింటికి."

ఆయన నా చేతిని తిప్పి వేళ్ల లోపలివైపు చూశారు. పురికొస లాగి బిగించిన చోట అడ్డంగా కోతలు ఉండేవి, కొన్ని మానినవి, కొన్ని మాననివి.

"ఇవేంటి?"

"సైకిలు చెయిను ఊడితే ఎక్కించానండీ."

"రోజూ ఊడుద్దా?" అని, జవాబు కోసం చూడకుండా పక్కవాడి దగ్గరికి జరిగారు.

ఆ రోజు ఆట అయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. ఎవరికి చెబుతున్నదీ అందరికీ తెలుసు. "ఆట గ్రౌండులో పెరుగుద్దనుకుంటున్నారు మీరంతా. గ్రౌండులో అరుగుద్దిరా. ఇక్కడ అరిగిందంతా ఇంటికెళ్లి పడుకున్నాక మళ్లీ అతుక్కుంటది, కాస్త ఎక్కువగా అతుక్కుంటది. అదే పెరగడం. పడుకోకుండా ఆడితే ఉన్నదాన్ని తినేస్తున్నట్టే. పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కడికైనా అర్థమైతే చాలు."

నాకు అర్థమైంది.

పేకాట సంగతి నేను పుట్టించలేదు. అది బూస్టర్ మొదలుపెట్టాడు. వాళ్లది పాల వ్యాపారం కాబట్టి తెల్లవారుజామునే రోడ్డు మీద ఉండేవాడు. మా ప్రెస్సుకు వెళ్లే దారిలోనే పెద్దమనుషులు పేకాడే క్లబ్బు ఒకటి ఉంది. డిసెంబరులో ఒకరోజు గ్రౌండులో అందరి ముందూ అడిగాడు.

"ఒరే, పొద్దున నాలుగింటికి క్లబ్బు రోడ్డులో సైకిలు మీద పోతున్నది నువ్వేనా?"

నేను బూటు లేసు కడుతున్నాను.

"అయిపోయాడ్రా. వీడు రాత్రంతా పేక. ఎంత పోయిందేంటి?"

"పోలేదు," అన్నాను లేసు ముడి వేస్తూ. "వచ్చింది."

అందరూ నవ్వారు. ఒకడు నా వీపు చరిచాడు. జట్టులో నా విలువ కాస్త పెరిగినట్టే అనిపించింది. పెద్దింటివాడు పేకాడితే అది ఆ ఇంటికి తగిన పనే. పేపరు కట్టలు మోస్తున్నాడంటే ఇంకోరకంగా చూసేవారు. కనీసం నాకు అలా అనిపించింది. అప్పటినుంచి ఎవరు ఏమన్నా కాదనలేదు. మాస్టారు కొంచెం అవతల నిలబడి నెట్టు తాడు బిగిస్తున్నారు. విన్నారు. ఆయన నవ్వలేదు.

జనవరి సెలక్షను ఒక శనివారం పొద్దున జరిగింది. సెలవు అడిగాను, ప్రెస్సులో ఇవ్వలేదు. నాలుగు దాకా కట్టలు కట్టి, ఇంటికి వచ్చి, అయిదున్నరకు కుర్చీలో కూర్చుని, ఏడున్నరకు గ్రౌండుకు వెళ్లాను. బయటివాళ్లు ముగ్గురు వచ్చారు, చేతుల్లో కాగితాలతో. మొదటి ఆటలో నాలుగు స్మాష్‌లు కొట్టాను, రెండు బయట పడ్డాయి. రెండో ఆటలో బూస్టర్ నాకు చక్కని బంతి లేపాడు. అలాంటి బంతిని నేను ఏడాది కిందట కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి. ఎగిరాను. ఎగిరిన సంగతి గుర్తుంది. దిగిన సంగతి గుర్తులేదు. గాలిలో ఉండగా నిద్ర పట్టిందంటే ఎవరూ నమ్మరు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. తెలివి వచ్చేసరికి కుడి పాదం మడత పడి నా కిందే ఉంది. బూస్టర్ నా మీదికి వంగి, "కాలు కదపకు, కాలు కదపకు" అంటున్నాడు. నొప్పి తరవాత వచ్చింది, అది కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టు.

ఎముక విరగలేదు. డాక్టరు గట్టిగా కట్టు కట్టి, మూడు వారాలు కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నారు. రాత్రి బాగా నిద్రపోతే త్వరగా మానుతుందన్నారు. మూడో రోజు నుంచి ప్రెస్సుకు వెళ్లాను. రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని కబురు పంపారు. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి కట్టలు కట్టేవాణ్ణి. తెల్లారేసరికి చీలమండ కట్టులోంచి ఉబ్బి బయటికి వచ్చేది. ఇంటికి వచ్చి, కట్టు మళ్లీ బిగించి, వసారాలో కూర్చునేవాణ్ణి.

ఆ జనవరి సెలక్షనులో వాళ్లు ఎవరినీ ఖాయం చెయ్యలేదు. మార్చి మొదట్లో మళ్లీ వస్తామన్నారు. ఇది చెప్పడానికే మాస్టారు మా ఇంటికి వచ్చారు. పొద్దున ఎనిమిదవుతోంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, సైకిలు గేటు బయటే పెట్టి వచ్చారు. వసారాలో ఉన్నవి రెండు కుర్చీలు. ఆయన నిలబడ్డారు. నేను లేవలేదు. కాలికి కట్టు ఉంది కాబట్టి లేవలేదని ఆయన అనుకుని ఉంటారు.

"ఏమయ్యా, మీ నాన్న బాగున్నాడా?" అన్నారు నాన్నగారు.

"పోయి నాలుగేళ్లయిందండీ."

"అలాగా. మంచి పనివాడు."

"అవునండీ." మాస్టారు అసలు సంగతి ఎత్తారు. "మార్చిలో మళ్లీ సెలక్షను ఉందండీ. ఈయన్ని వాళ్లు మర్చిపోలేదు. కాలు మానితే అవకాశం ఉంది. కానీ ఇలాగైతే మానదండీ. ఆ కాలు వాపు చూడండి. మీతో చెప్పకూడదనుకున్నాను గానీ, కుర్రాళ్లు అంటున్నారు, రాత్రుళ్లు క్లబ్బులో పేకాట అని."

లోపల అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట చప్పుడు ఆగింది.

మాస్టారు నావైపు తిరిగారు. "నాకు నమ్మకం లేదండీ. పేకాడేవాళ్ల వేళ్లు అలా ఉండవు. ఏదైనా పని చేస్తుంటే చెప్పండి. అందులో ఏముంది? నేను మద్రాసులో చదివేటప్పుడు రాత్రుళ్లు సైకిలు స్టాండులో కాపలా ఉన్నాను. అందుకే నా ఆట పోయింది, మాస్టారినయ్యాను. పని అయితే హెడ్మాస్టరు గారితో మాట్లాడతా, స్కూల్లోనే పగటి పని ఏదో ఒకటి చూస్తా. హాస్టల్లో గది ఖాళీగా ఉంది. ఆరు వారాలు అక్కడ పడుకోండి, చాలు. భోజనం మా ఇంట్లోనే చేద్దురు గాని."

ఆ చివరి మాట దగ్గర నాన్నగారు రోడ్డువైపు చూశారు. నాకు ఏమీ అనిపించలేదని రాస్తే అబద్ధమవుతుంది. నాకూ అనిపించింది. ఏమనిపించిందో ఆ రోజున స్పష్టంగా తెలుసు. ఇవాళ దాన్ని రాయడానికి సిగ్గు.

నేను నాన్నగారి మొహం చూడలేదు. ఆయనా నన్ను చూడలేదు. ఆయనే ముందు మాట్లాడారు, చాలా మామూలుగా.

"పేకాట మా ఇంట్లో కొత్తేమీ కాదయ్యా. మా నాన్నగారు కూర్చుంటే మూడేసి రోజులు లేచేవారు కారు. రక్తంలో ఉంది. మీ నాన్నకు తెలుసు."

"విన్నానండీ," అన్నారు మాస్టారు. ఇంకా నావైపే చూస్తున్నారు. "మీరు చెప్పండి."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. పది సెకన్లు పట్టే మాట. ప్రెస్సు పేరు చెబితే చాలు. ఆ మాట నా నోట్లోంచి వస్తే ఇప్పుడే నాన్నగారు చెప్పింది అబద్ధమవుతుంది, అదీ ఈయన ముందు. అది ఒక కారణం. అదొక్కటే కారణమని చెప్పలేను. ఆ కారణం లేకపోయినా చెప్పేవాణ్ణో కాదో నాకే తెలియదు.

"పని చెయ్యాల్సిన అవసరం నాకేముంది మాస్టారూ," అన్నాను.

ఆయన తల ఆడించారు. "అయితే నేను చేసేదేం లేదండీ," అని నాన్నగారికి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. గేటు వేసిన చప్పుడు కూడా రానివ్వలేదు. చాలాసేపటికి నాన్నగారు లోపలికి వినబడేలా అడిగారు, "ఆ మాస్టారికి కాఫీ ఇచ్చారా?" చేట చప్పుడు మళ్లీ మొదలైంది.

మార్చి దాకా ఏమీ మారలేదు. వాపు తగ్గింది గాని చీలమండ సరిగా మానలేదు. పాదం కొంచెం లోపలికి తిరిగి ఉండిపోయింది, ఇప్పటికీ అంతే. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం వెనక గదిలో పడుకునే రెండు గంటలు కూడా ఉక్కకు పట్టేవి కావు. నాకు దేనికీ బాధగా ఉండేది కాదు. అమ్మ ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపు ఏం అడిగిందో మర్చిపోయేవాణ్ణి.

సెలక్షను మళ్లీ శనివారమే, సాయంత్రం నాలుగింటికి. రమ్మని నాకెవరూ చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు. వెళ్లాను. మాస్టారు నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. కోర్టులోకి పంపకముందు సున్నం డబ్బా చూపించారు. వేళ్లు ముంచి, మంచి కాలి మీద బలం వేసి ఎగిరాను. గుర్తు పడింది. నా వరసలో అన్నిటికంటే కింద, జట్టులో అందరికంటే పొట్టివాడి గుర్తుకు కూడా కింద.

"రాత్రి నిద్రపోయారా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు.

"పోయానండీ."

ఆయన కాగితంలో ఏదో కొట్టేసి, బయటివాళ్ల దగ్గరికి నడిచారు. నేను చెయ్యి తుడుచుకుని, ఆట చూడకుండా బయటికి వచ్చేశాను. ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే ప్రెస్సులో ఉన్నాను. పనికి ఆలస్యంగా వెళ్లడం నాకు చేతకాదు.

శనివారాల్లో ఆదివారం అనుబంధం ముందుగా అచ్చయి వచ్చేది. దాన్ని కట్టలు కట్టి దూరపు ఊళ్లకు తొందరగా పంపేవాళ్లం. ఆ రోజుల్లో ఆటల ఫలితాలు పేపర్లో రావాలంటే ఆడినవాళ్లే కాగితం మీద రాసి తెచ్చి ప్రెస్సులో ఇవ్వాలి. ఎప్పుడూ మా జట్టు తరఫున ఎవరో ఒకరు తెచ్చేవారు. ఎవరు తెచ్చినా ముందు గుమ్మంలో ఇచ్చి పోతారు కాబట్టి, వెనక సెక్షనులో ఉన్న నన్ను ఎవరూ చూడలేదు. ఆ రోజు ముందు గుమ్మం దగ్గర ఎవరూ లేనట్టున్నారు. బూస్టర్ కాగితం పట్టుకుని దారి వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు.

నేను కట్టమీద మోకాలు ఆనించి పురికొస లాగుతున్నాను. అతను గుమ్మంలో ఆగిపోయాడు. నేను ముడి పూర్తి చేశాను.

"నన్ను తీసుకున్నార్రా," అన్నాడు చివరికి. చెప్పడానికి వేరే మాట దొరకనట్టు.

"మంచిది. ఇంకొకడెవరు?"

గుంటూరువైపు నుంచి వచ్చిన ఒకడి పేరు చెప్పాడు. ఆ కుర్రాడు నాకు తెలుసు, బాగా ఆడతాడు. ఆ మాటే అన్నాను.

"పేకన్నావు కదరా."

"నువ్వన్నావు."

అతను చుట్టూ చూశాడు. దొంతులు, జిగురు బాల్చీ, గోడకు తగిలించిన ఊళ్ల పట్టిక. "ఎప్పటినుంచి?"

"జూలై."

అతను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. మార్చి దగ్గర ఆగాడు. "నేనే కదరా అందరి ముందూ అన్నది. మాస్టారికి ఇప్పుడెళ్లి చెబుతా. సెలక్షనుకొచ్చినవాళ్లింకా లాడ్జిలోనే ఉన్నారు, రేపు గాని పోరు."

"చెప్పకు."

"చెబితే ఏం పోద్దిరా?"

"ఏమీ పోదు. చెప్పకు. నన్ను ఆ గోడ మీద చూసే తీసేశారు. నువ్వు చెబితే ఆ గుర్తు పైకి లేస్తుందా?"

అతను చేతిలోని కాగితాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు. "మరి ఎప్పుడు పడుకునేవాడివిరా నువ్వు?"

అప్పటికే వ్యాను వెనక్కి వస్తోంది, డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాడు. నేను కట్ట భుజానికెత్తుకున్నాను.

"కాస్త తప్పుకో," అన్నాను. "కాలు మీద పడుద్ది. ఆడాల్సినవాడివి."